కణం లోపలికి కొవ్వు తెచ్చే కబురు



ఏకాదశి ఉపవాసం ఉన్నవారి ఒంట్లో ఆ రాత్రి జరిగేదాన్ని కాస్త గమనిద్దాం. పొద్దున్నుంచి అన్నం లేదు. కాలేయం గ్లైకోజెన్ రూపంలో దాచుకున్న చక్కెర తరిగిపోతూ వస్తోంది. పొట్టలో, తొడల్లో నిల్వ ఉన్న కొవ్వు విడిపోయి, ఫ్యాటీ ఆమ్లాలుగా రక్తంలో కలిసి కాలేయానికి చేరుతోంది. తెల్లవారేసరికి కాలేయం తన పనితీరునే మార్చేసుకుంటుంది. కొవ్వును కాల్చే ఎంజైములను ఎక్కువగా తయారుచేసుకుంటుంది. ఆ కొవ్వులో కొంత భాగాన్ని కీటోన్లుగా మార్చి మెదడుకూ కండరాలకూ పంపుతుంది. ద్వాదశి పారణ దాకా మనిషి నీరసపడినా నిలబడగలిగేది ఇందువల్లే.

ఇంతకీ ఈ సంగతి కాలేయ కణానికి ఎవరు చెప్పారు? గ్లూకగాన్ వంటి హార్మోన్లు చెబుతాయి, నిజమే. వాటితోపాటు ఆ వచ్చిన ఫ్యాటీ ఆమ్లం కూడా చెబుతుంది. అది కణ కేంద్రకం దాకా వెళ్లి, అక్కడ డీఎన్‌ఏ మీద కూర్చుని ఉన్న ఒక ప్రొటీన్‌లో ఇమిడిపోతుంది. ఆ ప్రొటీన్ వెంటనే కొవ్వును కాల్చే జన్యువులను పనిలోకి దింపుతుంది. కాలడానికి వచ్చిన పదార్థమే తనను కాల్చమనే ఉత్తర్వును కూడా వెంట తెచ్చుకుంటుందన్నమాట. మన ఆహారంలోని నూనె, నెయ్యి కేవలం ఇంధనం అనుకుంటాం. కణం వాటిని సమాచారంగా కూడా చదువుతుంది. చదివే ఆ ప్రొటీన్లను కేంద్రక గ్రాహకాలు అంటారు. మనిషిలో ఇవి 48. ఈస్ట్రోజెన్, టెస్టోస్టెరాన్, కార్టిసాల్, విటమిన్ ‘డి’, విటమిన్ ‘ఎ’ నుంచి పుట్టే రెటినోయిక్ ఆమ్లం, పైత్యరస ఆమ్లాలు, కొలెస్ట్రాల్ నుంచి వచ్చే ఆక్సీస్టెరాల్‌లు, ఇలా కొవ్వులో కరిగే రకరకాల అణువులను ఈ కుటుంబమే గుర్తుపడుతుంది. ఇన్సులిన్ వంటి హార్మోన్ నీటిలో కరిగేది కాబట్టి కణం పొర దాటలేదు, బయటి నుంచే సంకేతం ఇచ్చి ఊరుకుంటుంది. కణం పొర తయారైందే ప్రధానంగా కొవ్వుతో. అందుకని కొవ్వులో కరిగే అణువులు దాన్ని దాటుకుని నేరుగా లోపలికి వెళ్లగలవు.

ఈ గ్రాహకాల జాడ మొదట దొరికింది ఈస్ట్రోజెన్ ద్వారా. షికాగో విశ్వవిద్యాలయంలో ఎల్‌వుడ్ జెన్సన్ అనే రసాయన శాస్త్రవేత్త ఈస్ట్రోజెన్ రకానికి చెందిన ఈస్ట్రాడయాల్ అణువుకు ట్రిటియం, అంటే రేడియోధార్మిక హైడ్రోజన్ తగిలించి ఎలుకలకు ఎక్కించాడు. అది ఎక్కడికి పోతుందో చూశాడు. మిగతా కణజాలాల్లోకి వచ్చింది వచ్చినట్టే పోయింది. గర్భాశయంలో మాత్రం గంటల తరబడి నిలిచిపోయింది, పైగా రసాయనికంగా ఏమాత్రం మారకుండా. అప్పటిదాకా శాస్త్రజ్ఞులు హార్మోన్ ఏదో రసాయన చర్యలో పాల్గొని, తాను మారుతూ పని చేస్తుందని అనుకునేవారు. జెన్సన్ చూసింది వేరు. హార్మోన్ వచ్చి దేనికో అతుక్కుంటోంది, అతుక్కోవడమే దాని పని. 1958లో వియన్నా మహాసభలో ఆయన ఈ ఫలితం చెప్పినప్పుడు వినడానికి అయిదుగురే ఉన్నారట. వారిలో ముగ్గురు అదే సభలో మాట్లాడవలసిన వక్తలు. నలభై ఆరేళ్ల తరువాత, 2004లో, పియర్ షాంబోన్, రొనాల్డ్ ఎవాన్స్‌లతో కలిసి ఆయనకు లాస్కర్ పురస్కారం వచ్చింది. ఆ ఇద్దరి ప్రయోగశాలలు 1985, 86లలో కార్టిసాల్, ఈస్ట్రోజెన్ గ్రాహకాల జన్యువులను వెలికితీశాయి. పోల్చి చూస్తే అవన్నీ ఒకే నమూనాలో ఉన్నాయి. డీఎన్‌ఏను పట్టుకునే భాగం ఒకటి, హార్మోన్‌ను పట్టుకునే భాగం మరొకటి. ఆ నమూనా పట్టుకుని వెతికితే ఇంకా ఎన్నో దొరికాయి. కాకపోతే ఈసారి చిక్కు తిరగబడింది. గ్రాహకం చేతిలో ఉంది, అది దేన్ని గ్రహిస్తుందో తెలియదు. వాటికి అనాథ గ్రాహకాలని పేరు పెట్టారు.

అలాంటి ఒక అనాథ కథే ఇవాళ వివరంగా చెప్పాలనుకున్నది. దాని పేరు పీపార్-గామా. షుగర్ జబ్బుకు మన దగ్గర విరివిగా వాడే ఒక మందు పనిచేసేది దీని మీదే. హైదరాబాదు శాస్త్రజ్ఞుల శ్రమ కూడా దీనితో ముడిపడి ఉంది.

మొదట మందు వచ్చింది, గ్రాహకం తరువాత తెలిసింది. 1970లలో జపాన్‌లోని టకేడా కంపెనీ రసాయన శాస్త్రజ్ఞులు రక్తంలో కొవ్వును తగ్గించే మందుల కోసం వెతుకుతూ, క్లోఫైబ్రేట్ అనే మందును పోలిన అణువులను తయారుచేసి పరీక్షించేవారు. వాటిలో కొన్ని కొవ్వుతోపాటు చక్కెరనూ తగ్గించాయి. ఆ దారిలో సిగ్లిటజోన్ వచ్చింది. ఇన్సులిన్ ఉన్నా దాని మాట వినని ఎలుకల్లో అది చక్కెరను దించింది. ఎలా దించుతోందో పదేళ్ల పైబడి ఎవరికీ అంతుబట్టలేదు. 1990లో ఇంగ్లండ్‌లో ఇసాబెల్ ఇస్‌మాన్, స్టీఫెన్ గ్రీన్ ఎలుక కాలేయం నుంచి పీపార్ కుటుంబంలో మొదటిదైన ఆల్ఫాను కనుక్కున్నారు. 1994లో బ్రూస్ స్పీగెల్‌మాన్ ప్రయోగశాల గామాను చూపించింది. దాన్ని మామూలు కణాల్లో పెట్టి ఉత్తేజపరిస్తే అవి కొవ్వు కణాలుగా మారిపోయాయి. ఆ మరుసటి ఏడాది గ్లాక్సో శాస్త్రజ్ఞులు చిక్కుముడి విప్పారు. సిగ్లిటజోన్, దాని తరహా మందులు, అంటే గ్లిటజోన్లు, అతుక్కునేది పీపార్-గామాకే. ఏళ్ల తరబడి పరీక్షిస్తున్న మందుకు ఎట్టకేలకు చిరునామా దొరికింది.

1998లో ఈ గ్రాహకం స్ఫటిక నిర్మాణం అచ్చయింది. ఇక్కడ కాసేపు ఆగి, దాని లోపలికి చూడాలి.

గ్రాహకంలో కొవ్వు అణువు కూర్చునే గూడు ఒకటి ఉంది. ఈస్ట్రోజెన్ గ్రాహకంలో ఈ గూడు చిన్నది, 450 ఘన ఆంగ్‌స్ట్రామ్‌ల పరిమాణం, ఈస్ట్రాడయాల్ ఒంటికి కొలిచి కుట్టిన జాకెట్టులా ఉంటుంది. పీపార్-గామాలో గూడు దానికి దాదాపు మూడు రెట్లు, ఇంచుమించు 1300 ఘన ఆంగ్‌స్ట్రామ్‌లు. ఇది పంచె లాంటిది, పొడుగువాడికీ పొట్టివాడికీ సరిపోతుంది. అందుకే లినోలిక్ ఆమ్లం, చేపనూనెలోని ఒమేగా-3 ఆమ్లాలు, అవి ఆక్సిజన్‌తో కలిసి మారిన రూపాలు, కొన్ని ప్రోస్టాగ్లాండిన్‌లు, ఇలా ఎన్నో దీనిలో ఇమిడిపోతాయి. రోజిగ్లిటజోన్ అనే మందు కూర్చున్నా ఆ గూడులో నిండేది నలభై శాతమే, మిగతాది ఖాళీ. దేనికీ పూర్తిగా సరిపోని ఈ వదులుతనం లోపమేమీ కాదని నా అభిప్రాయం. ఒకే ఒక హార్మోన్ కోసం ఎదురుచూడవలసిన అవసరం దీనికి లేదు. కణంలో మొత్తమ్మీద కొవ్వు ఎంత ఉంది, ఎలాంటిది ఉంది అని అంచనా వేయడమే దీని పని. ఆ పనికి ఇలాంటి గూడే కావాలి.

వదులుగా ఉంది కాబట్టి పట్టు కూడా మెత్తన. ఫ్యాటీ ఆమ్లం పీపార్-గామాను సగం నింపాలంటే మైక్రోమోలార్ స్థాయిలో, అంటే గణనీయమైన మోతాదులో ఉండాలి. రోజిగ్లిటజోన్‌కు 40 నానోమోలార్ చాలు. ప్రకృతి మెల్లగా తడుతుంది, మందు గట్టిగా నొక్కుతుంది. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. తరువాత వచ్చిన మంచీ చెడూ చాలావరకు ఇందులోంచి పుట్టినవే.

ఇప్పుడు మందు ఎలా కూర్చుంటుందో చూడండి. రోజిగ్లిటజోన్ అణువు గూడులో ‘యు’ ఆకారంలో వంగి ఉంటుంది. దాని తలభాగం మూడు అమైనో ఆమ్లాలతో హైడ్రోజన్ బంధాలు కలుపుకుంటుంది. 323వ స్థానంలో ఒక హిస్టిడిన్, 449లో మరో హిస్టిడిన్, 473లో టైరోసిన్. ఈ టైరోసినే కీలకం. అది గ్రాహకం చివర ఉండే పన్నెండవ హెలిక్స్‌లో, అంటే స్ప్రింగులా మెలితిరిగిన ముక్కలో, ఉంది. గూడు ఖాళీగా ఉన్నప్పుడు ఈ హెలిక్స్ ఒకచోట నిలవదు, అటూ ఇటూ ఊగుతుంటుంది. టైరోసిన్‌కు బంధం పడగానే ఊగడం తగ్గి, గ్రాహకానికి దగ్గరగా అతుక్కుని స్థిరపడుతుంది. దాంతో గ్రాహకం ఉపరితలం మీద ఒక చిన్న పల్లం తయారవుతుంది. ఆ పల్లానికి ఒక చివర 471వ స్థానంలోని గ్లుటామేట్, మరో చివర 301వ స్థానంలోని లైసిన్, ఒకటి రుణావేశం, ఒకటి ధనావేశం. జన్యువును పనిలోకి దింపడంలో గ్రాహకానికి తోడ్పడే సహాయక ప్రొటీన్లు తమలోని ఒక చిన్న హెలిక్స్‌ను తెచ్చి సరిగ్గా ఈ రెండింటి మధ్య ఉంచుతాయి. ఆ హెలిక్స్‌లో ల్యూసిన్, మధ్యలో ఏవైనా రెండు, మళ్లీ రెండు ల్యూసిన్‌లు అనే వరస ఉంటుంది. కేంద్రక గ్రాహకాల సహాయకుల్లో పదే పదే కనిపించే వరస అది.

చూడండి, మందు తాకేది లోపలి గూడును. పని జరిగేది బయటి ఉపరితలం మీద. ఈ రెంటినీ కలిపేది ఊగడం ఆగిన ఒక హెలిక్స్. నాకు జీవరసాయనంలో ఇంతకంటే అందంగా కనిపించే ఘట్టాలు అరుదు.

సహాయకులు రాకముందు అక్కడ పరిస్థితి ఏమిటి? పీపార్ ఒంటరిగా డీఎన్‌ఏ మీద కూర్చోదు. ఆర్‌ఎక్స్‌ఆర్ అనే మరో గ్రాహకంతో జంట కట్టి కూర్చుంటుంది. ఏజీజీటీసీఏ అనే ఆరు అక్షరాల వరస డీఎన్‌ఏలో రెండుసార్లు పక్కపక్కన, మధ్యలో ఒకే అక్షరం ఎడంతో ఉన్నచోట ఈ జంట కూర్చుంటుంది. విచిత్రం ఏమిటంటే అదే ఆరక్షరాల వరసను ఇతరులు కూడా వాడుకుంటారు. ఎడం మూడక్షరాలైతే విటమిన్ ‘డి’ గ్రాహకం, నాలుగైతే థైరాయిడ్‌ది, అయిదైతే రెటినోయిక్ ఆమ్లానిది. అన్నిటికీ జంట ఆర్‌ఎక్స్‌ఆరే. కొవ్వు అణువు లేనప్పుడు ఈ జంట మీద అణచివేసే ప్రొటీన్లు చేరి ఉండవచ్చు. అవి డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్‌ల నుంచి అసిటైల్ గుంపులను తొలగించే ఎంజైములను తెచ్చి, చుట్టను బిగువుగా ఉంచుతాయి. హెలిక్స్ స్థిరపడగానే వాటి స్థానంలో సహాయక ప్రొటీన్లు వస్తాయి. అవి అసిటైల్ గుంపులను తగిలిస్తాయి. చుట్ట వదులవుతుంది, జన్యువు చదవబడుతుంది, గంటల్లో కొత్త ప్రొటీన్లు తయారవుతాయి. గ్లిటజోన్ మాత్ర వేసుకున్న వెంటనే చక్కెర దిగకపోవడానికి, పూర్తి ఫలితం కనిపించడానికి వారాలు పట్టడానికి కారణం ఇదే. పని మొత్తం జన్యువుల మీదుగా జరగాలి, కణజాలమే మారాలి.

మొదట చెప్పిన ఉపవాసం సంగతి పీపార్-ఆల్ఫాది. దాని ప్రాముఖ్యం 1999లో చేసిన ఒక ప్రయోగంలో స్పష్టంగా తెలిసింది. ఆ జన్యువు లేని ఎలుకలు తిండి పెట్టినంతకాలం బాగానే ఉన్నాయి. ఒక్క రోజు పస్తు పెట్టేసరికి వాటి రక్తంలో చక్కెర పడిపోయింది, ఒళ్లు చల్లబడింది, కీటోన్లు తయారు కాలేదు, కాలేయం నిండా కొవ్వు పేరుకుంది. కొవ్వు వచ్చింది కానీ దాని కబురును చదివే దిక్కు లేకపోయింది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నవారికి డాక్టర్లు రాసే ఫెనోఫైబ్రేట్ పనిచేసేది ఈ ఆల్ఫా మీదే.

గామా నివాసం ముఖ్యంగా కొవ్వు కణాల్లో. అక్కడ అది చేసే పని వింటే ముందు తికమకగా ఉంటుంది. కొత్త కొవ్వు కణాలను పుట్టిస్తుంది, ఉన్నవాటిలోకి ఫ్యాటీ ఆమ్లాలను లాక్కునేలా చేస్తుంది. మనిషి బరువు పెరుగుతాడు. అయినా షుగర్ తగ్గుతుంది! ఎందుకంటే ఇన్సులిన్ మాట చెల్లకుండా చేసేది చాలావరకు చేరకూడని చోట చేరిన కొవ్వు. కండరంలో, కాలేయంలో పేరుకున్న కొవ్వు అక్కడి కణాల్లో ఇన్సులిన్ సంకేతానికి అడ్డుపడుతుంది. ఆ కొవ్వును తీసుకెళ్లి చర్మం కింద, దాని కోసం ఏర్పాటైన కణాల్లో భద్రపరిస్తే దారి తెరుచుకుంటుంది. మనుషుల్లోనే దీనికి సాక్ష్యం ఉంది. 1999లో కేంబ్రిడ్జి బృందం ఒకటి పీపార్-గామాలో అమైనో ఆమ్లం ఒక్కటి మారిన రోగులను గుర్తించింది. ఆ మార్పుల్లో ఒకటి 467వ స్థానంలో, పన్నెండవ హెలిక్స్ పక్కనే. వారికి చిన్న వయసులోనే తీవ్రమైన ఇన్సులిన్ నిరోధకత, మధుమేహం, రక్తపోటు. ఇందాక చెప్పిన హెలిక్స్ సరిగ్గా కుదురుకోకపోతే మనిషి బతుకులో దాని అర్థం ఏమిటో అక్కడ కనిపించింది.

మరి మందు గట్టిగా నొక్కితే ఏమైంది? పీపార్-గామా కొవ్వు కణాల్లోనే లేదు. మూత్రపిండాల్లో ఉంది. అక్కడ నొక్కితే ఉప్పు, నీరు ఒంట్లో నిలిచిపోయి కాళ్లు వాస్తాయి, బలహీనమైన గుండె మీద భారం పడుతుంది. ఎముక మజ్జలోనూ ఉంది. అక్కడి మూలకణాలు ఎముక కణాలుగా మారవలసింది కొవ్వు కణాలుగా మారతాయి. గ్లిటజోన్లు వాడిన స్త్రీలలో ఎముకలు విరగడం ఎక్కువగా కనిపించింది. ఈ వరుసలో అమెరికాలో మొదట 1997లో అనుమతి పొందిన ట్రోగ్లిటజోన్ కాలేయాన్ని దెబ్బతీసి 2000లో మార్కెట్ నుంచి తప్పుకుంది. రోజిగ్లిటజోన్ మీద గుండెపోటు అనుమానాలు 2007లో లేచాయి. 2010లో యూరప్ దాన్ని నిలిపివేసింది, మన దేశమూ నిషేధించింది. తరువాత అమెరికా తన ఆంక్షలను సడలించింది, ఇక్కడ మాత్రం అది తిరిగి రాలేదు.

మిగిలింది పియోగ్లిటజోన్. మూత్రాశయ కేన్సర్ భయంతో 2013 జూన్‌లో కేంద్రం దాన్నీ ఆపింది. చవకగా దొరికే పనికొచ్చే మందు పోతుందని మధుమేహ వైద్యులు అభ్యంతరం చెప్పారు. జూలై ఆఖరుకల్లా హెచ్చరికతో తిరిగి అనుమతించారు. ఆ నిర్ణయం సరైనదని నేననుకుంటాను. ఈ మందు ఇవాళ మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్‌లతో కలిపిన మాత్రల్లో ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి తాము వేసుకుంటున్నామని తెలియకుండానే వేసుకునేవారు ఉంటారు. మీ షుగర్ మాత్రల అట్ట వెనుక పియోగ్లిటజోన్ అని ఉంటే, కాళ్ల వాపు గానీ ఆయాసం గానీ మూత్రంలో రక్తం గానీ కనిపించినప్పుడు ఆ సంగతి డాక్టరుకు వెంటనే చెప్పండి. గుండె బలహీనత ఉన్నదని ముందే తెలిసినవారు మందు రాసేటప్పుడే చెప్పాలి.

ఇక హైదరాబాదు. తాడేపల్లిలో పసుపు రైతు ఇంట పుట్టిన డాక్టర్ కల్లం అంజిరెడ్డి 1984లో స్థాపించిన కంపెనీ, అప్పటి చాలా భారతీయ కంపెనీల్లాగే, ఇతరులు కనుక్కున్న మందులను చవకగా తయారుచేసి పేరు తెచ్చుకుంది. ఆయనకు అది చాలలేదు. మన దేశంలోనే కొత్త అణువు పుట్టాలన్న పట్టుదలతో 1990లలో మియాపూర్‌లో పరిశోధన సంస్థ పెట్టారు. అక్కడివారు ఎంచుకున్న మొదటి లక్ష్యాల్లో ఒకటి ఈ పీపార్-గామా. గ్రాహకానికీ మందుకూ సంబంధం తేలి అప్పటికి కొద్దికాలమే అయింది. 1997లో వారి బాలాగ్లిటజోన్‌ను డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్ తీసుకుంది. ఒక భారతీయ సంస్థ తాను సృష్టించిన అణువును విదేశీ కంపెనీకి అభివృద్ధి కోసం ఇవ్వడం అదే మొదలు. మరుసటి ఏడాది రాగాగ్లిటజార్ వెళ్లింది. అది ఆల్ఫాను, గామాను రెంటినీ కలిపి పట్టుకునే అణువు, కొవ్వునూ చక్కెరనూ ఒకేసారి అదుపు చేయాలన్న ఆశతో మలిచింది. మనుషుల మీద పరీక్షలు చివరి దశకు చేరాక, 2002లో, ప్రయోగశాల జంతువుల మూత్రాశయంలో కణుతులు కనిపించాయి. పరీక్షలు ఆగిపోయాయి. బాలాగ్లిటజోన్ గామాను పూర్తిగా కాక పాక్షికంగా నొక్కే అణువు. అదీ చివరి దశ పరీక్షల దాకా వెళ్లింది కానీ మార్కెట్‌కు రాలేదు.

దీన్ని వైఫల్యంగా చెప్పుకోవడం నాకు సమ్మతం కాదు. ఆ ఏళ్లలో ప్రపంచంలోని పెద్ద పెద్ద కంపెనీలు ఇలా రెంటినీ పట్టుకునేలా చేసిన అణువులు కూడా అలాగే ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. మియాపూర్ బృందం ఎంచుకున్న ఆలోచన, ముఖ్యంగా పాక్షికంగా నొక్కాలన్నది, సరైన దారిలోనే ఉందని తరువాతి పరిశోధన చెబుతోంది. 2010లో స్పీగెల్‌మాన్ బృందం ఒక ఆశ్చర్యకరమైన సంగతి చూపింది. స్థూలకాయంలో కొవ్వు కణాల్లోని ఒక ఎంజైము, పీపార్-గామాలో 273వ స్థానంలోని సెరిన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. దాంతో ఇన్సులిన్‌కు సాయపడే కొన్ని జన్యువులు మందగిస్తాయి. గ్లిటజోన్లు గూడులో కూర్చుని ఈ ఫాస్ఫేట్ తగలకుండా అడ్డుకుంటాయి. చక్కెర తగ్గడంలో చాలా భాగం ఇందువల్ల కావచ్చు. అంటే పన్నెండవ హెలిక్స్‌ను బిగించి గ్రాహకాన్ని పూర్తిగా ఉత్తేజపరచనక్కరలేదు. గూడులో వేరే మూల కూర్చుని సెరిన్‌ను కాపాడితే చాలు. ఎలుకల్లో అలాంటి అణువులు వాపు, బరువు పెంచకుండా చక్కెరను తగ్గించాయి.

ఆల్ఫా, గామా రెంటినీ కలిపి పట్టుకునే మందు మన దేశంలోనే చివరికి నెగ్గింది. అహ్మదాబాదులోని జైడస్ తయారుచేసిన సరోగ్లిటజార్‌కు 2013లో అనుమతి వచ్చింది. ఆల్ఫాను ఎక్కువగా, గామాను తక్కువగా నొక్కే అణువు అది. షుగర్‌తోపాటు ట్రైగ్లిజరైడ్లు పెరిగినవారికి మొదట ఇచ్చారు. 2020లో మద్యంతో సంబంధం లేకుండా కాలేయానికి కొవ్వు పట్టి వాపు వచ్చే జబ్బుకు కూడా అనుమతించారు. తెలుగు రాష్ట్రాల్లో మద్యం ముట్టనివారికి కూడా స్కానింగులో ‘ఫ్యాటీ లివర్’ అని రాసి ఇవ్వడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ కాలేయాల్లో పేరుకున్న కొవ్వు తాను చెప్పవలసింది చెబుతూనే ఉంది. చదవవలసిన గ్రాహకాన్ని ఎంత గట్టిగా, ఏ మూల నుంచి తట్టాలన్నదే ఇప్పుడు ప్రయోగశాలల ముందున్న పని.